ఇంజన్ పక్కన కట్టిన ఇత్తడి బిళ్ల

పిల్లలూ, మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ పోటీపడి అడిగారు కదా, మామ చేసే ఎర్ర కారు ఏమైంది అమ్మమ్మా అని. మామ పక్కనే నిలబడి ఉన్నాడు, అందుకే నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. మామ సామాన్లు కొనడానికి పోయాడు, తాత చాయ్ దుకాణం దగ్గర కూర్చుని ఉంటాడు. తీరిగ్గా రాస్తున్నాను. మస్కట్‌లో మీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మను చదివి వినిపించమనండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. అంతా మంచిగానే అయింది. కారు బాగుంది, మామ బాగున్నాడు. భయపడుతూ వినకండి. ఆ భయమంతా నేనే పడ్డాను, అది చాలు.

కరీంనగర్ బైపాస్ పక్కన మన ఇల్లు, ఇంటి ముందు రేకుల షెడ్డు, మీరు చూసినవే. నా వంటింటి కిటికీ తీస్తే షెడ్డే కనిపిస్తుంది. పోపు వాసన వాళ్లకు పోతుంది, ఆయిల్ వాసన నాకు వస్తుంది. మామ పుణెలో ఎనిమిదేళ్లు ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని వచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నాడు. బాగా నడుస్తున్న కారును ఇంకా జోరుగా నడిచేలా చేయడం వాడి పని. బాగున్న బండిని మళ్లీ విప్పడమెందుకురా అని మొదట్లో అడిగేదాన్ని. వాడు నవ్వేవాడు. తర్వాత నేనే అడగడం మానేశాను.

వాడి దగ్గరికి వచ్చేవన్నీ టర్బో కార్లు. టర్బో అంటే ఇంజన్ నోట్లోకి గాలిని బలవంతంగా కుక్కే చిన్న పంకా అని నాకు అర్థమైంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ జోరు. దాంతోపాటు ఎక్కువ వేడి కూడా.

ఎర్ర కారు మెట్‌పల్లి ఆయనది. పద్నాలుగేళ్లు దుబాయిలో క్రేను నడిపి తిరిగి వచ్చిన మనిషి. వచ్చాక ఆయన ముచ్చటపడి కొనుక్కున్నది ఆ కారు ఒక్కటే. లోపల కూర్చునేముందు రెండు కాళ్లూ బయటపెట్టి చెప్పులు ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులుపుకుంటాడు. పోయిన చలికాలంలో మామ దాన్ని జోరుగా చేసి ఇచ్చాడు. ఎండాకాలం రాగానే ఆయన దాన్ని ఆదిలాబాద్ వైపు తీసుకుపోయాడు. నిర్మల్ దాటి కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ ఆగిపోయింది. కారును లారీ మీద వేసుకుని మన షెడ్డుకే తెచ్చారు.

మామ ఇంజన్ విప్పి, ఒక పిస్టన్ తెచ్చి నా వంటింటి గట్టు మీద పెట్టాడు. దాని అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది.

"ఏందిరా గిది?" అన్నాను.

"పిస్టన్ అవ్వా. నాకింగ్ కొట్టి పలిగింది."

"నాకింగంటే?"

వాడు గట్టు మీదే వేలితో గీసి చెప్పాడు. "గీ డబ్బల గాలి, పెట్రోలు కల్సి ఉంటయి. ప్లగ్గు నిప్పు పెడితే గీ కొస నుంచి గా కొసకు వరుసగ అంటుకుంట పోవాలె. గట్ల పోతే పిస్టన్‌ను కిందికి నూకుతది. లోపల వేడి మోపైతే, నిప్పు పోకముందే మూలకున్నది దానంతటదే ఫట్‌మని పేలుతది. ఇగ గది నూకుడు కాదు, సుత్తె తోటి కొట్టుడే. కొడుతనే ఉంటది, పలిగేదాక."

"మరి నీకు ఎర్క కాలేదా?"

"ఇంజన్‌కు ఒక చెవి ఉంటదే. నాక్ సెన్సర్ అంటరు. గది దెబ్బ ఇన్నదంటే కంప్యూటర్ నిప్పు పెట్టుడు జర ఆలిశెం చేస్తది. దెబ్బ ఆగుతది." పిస్టన్ పగిలిన అంచు మీద వేలు రాశాడు. "గది తగ్గించినకాడికి తగ్గించింది పాపం. నేనే దానికి ఇంకా తగ్గే జాగ ఉంచలే. నజరంత జోరు మీదనే పెట్టిన. చెవి ఏం ఇంటున్నదో రికార్డు తీసి సూడనే లేదు."

మెట్‌పల్లి ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. షెడ్డు గడప మీద కూర్చుని నేనిచ్చిన చాయ్ తాగి, "తమ్మీ, తప్పు అందరు చేస్తరు. ఇంకోసారి కట్టు. గీసారి గూడ పోయిందనుకో, నేను నీ మొఖం సూడ, నువ్వు నా మొఖం సూడకు" అని నెమ్మదిగా చెప్పి బస్సెక్కి పోయాడు.

ఆ రోజు మామ చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు, "అవ్వా, గిది గూడ పోతే షెడ్డు బంద్ చేస్త. ఏదన్న షోరూంల పానాలు పట్టుకుని బతుకుత. ఇగ ఇంకొకల్ల బండి నమ్మి ముట్టుకోను." వాడు ఊరికే అనే మనిషి కాదని మీ అమ్మకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి గాలిపటం తెగిపోయి పక్కింటి ముసలాయన కంటికి తగిలితే, ఆ తర్వాత మళ్లీ దారం ముట్టుకోలేదు వాడు.

కొత్త ఇంజన్ కట్టడానికి రెండు నెలలు పట్టింది. గట్టి పిస్టన్లు ఎక్కడినుంచో తెప్పించాడు. ఈసారి చెవి మాట వినాలని, ఇంజన్‌కు బిగించే చిన్న మైకు, దానికి హెడ్‌ఫోన్లు కూడా కొన్నాడు. అన్నం కంచం ముందు పెట్టుకుని లెక్కలు వేసుకునేవాడు. పెరుగన్నం ఎండిపోయేది. నాకు నిద్ర పట్టేది కాదు. అప్పుడే నేనొక పని చేశాను, అదే చెప్పబోతున్నాను.

ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసే రోజు కొబ్బరికాయ కొట్టాం. మామ ముందే హెచ్చరించాడు. "నిమ్మకాయలు టైర్ల కింద పెట్టు. బొట్టు బానెట్ మీద పెట్టు. లోపల మాత్రం ఏం పెట్టకు అవ్వా, నీకు దండం పెడత." సరేనన్నాను. వాడు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడో లేదో, కొంగులో ముడేసి ఉంచిన తాత బిళ్లను తీసి, ఇంజన్ వెనక పైపు కింద ఒక ఇనుప పట్టీకి నల్లదారంతో కట్టేశాను.

బిళ్ల సంగతి మీకు తెలియదు. తాత మందమర్రిలో బొగ్గుబావిలో పనిచేసేటప్పటి ఇత్తడి బిళ్ల అది, రూపాయి బిళ్లకంటే పెద్దగా ఉంటుంది, మీద నంబరు కొట్టి ఉంటుంది. బావిలోకి దిగేముందు దీపాల గదిలో ఆ బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం అక్కడ ఇచ్చి బిళ్ల వెనక్కి తెచ్చుకోవాలి. ఏదన్నా ప్రమాదం జరిగిందని సైరన్ మోగితే మేమంతా పరుగెత్తేది దీపాల గదికే. అక్కడ బోర్డు మీద బిళ్ల వేలాడుతుంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. బిళ్ల ఇంటికి వస్తే మనిషి ఇంటికి వచ్చినట్టు. ముప్పైరెండేళ్లు అది రోజూ ఇంటికి వచ్చింది. ఉద్యోగం నుంచి దిగిపోయే రోజు తాత సార్లను బతిమాలి దాన్ని తెచ్చుకుని తన రేకుపెట్టెలో పెట్టుకున్నాడు. అంతటి బావిలోంచి మనిషిని పైకి తెచ్చిన బిళ్ల, ఒక ఇంజన్‌ను కాపాడలేదా అనుకున్నాను. మీరు నవ్వుతారు, నాకు తెలుసు. నవ్వండి.

తాతను అడగలేదు. అడిగితే ఇవ్వడు.

కొత్త ఇంజన్‌ను మొదట్లో మెల్లగా తిప్పాలట. రెండు వారాలు మెల్లగానే తిప్పాడు. ఏ గొడవా లేదు. నేను లోపల్లోపల బిళ్లకు దండం పెట్టుకున్నాను. తర్వాత ఒక సోమవారం వాడు లాప్‌టాప్ పెట్టుకుని జోరు పెంచడం మొదలుపెట్టాడు. లాప్‌టాప్‌లో నాలుగు గీతలు, నాలుగు సిలిండర్లకు. సెన్సర్ దెబ్బ విని కంప్యూటర్ నిప్పును ఆలస్యం చేస్తే గీత కిందికి దిగి ఎర్రగా అవుతుంది. ఇంజన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగేదాకా గీతలు తిన్నగా ఉండేవి. నాలుగు వేలు దాటగానే నాలుగూ ఒక్కసారిగా కిందికి పడేవి. కంప్యూటర్ భయపడి జోరంతా తగ్గించేసేది. కారు ఎద్దు మొరాయించినట్టు ఆగేది.

మూడు రోజులు వాడు పడిన అవస్థ చెప్పలేను. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు మొత్తం తీసేసి సుల్తానాబాద్ దాకా పోయి వేరే బంకులో మంచి రకం పోయించుకొచ్చాడు. కారు కింద పడుకుని చేత్తో తడిమి చూసుకుంటూ సెన్సర్ విప్పి, దాని కింది మట్టి తుడిచి, ఎంత బిగించాలో కొలిచే పానాతో మళ్లీ బిగించాడు. సెన్సర్ ఇంజన్ ఇనుముకు నేరుగా ఆనాలట, మధ్యలో వాషర్ కూడా ఉండకూడదట. వాడి చేతికి బిళ్ల తగలలేదు. పైన పైపు చాటున ఉందది.

నాకు అప్పటికీ అనుమానం రాలేదు. పైగా, బిళ్ల కట్టబట్టే ఇంజన్ ఇంకా పగలలేదని అనుకుంటున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మెట్‌పల్లి ఆయన వచ్చాడు. అదే రోజు పొద్దున్నుంచి ఇంట్లో తాత లొల్లి. రేకుపెట్టె ఎందుకు తెరిచాడో తెలియదు, తెరిచాడు.

"నా బిళ్ల ఏదే?"

"నాకేం ఎర్క?" అన్నాను. అబద్ధం. దేవుడు క్షమించాలి.

"ఎర్క లేకుంటే ఎవ్వలకు ఎర్క? గా పెట్టెకు నువ్వు, నేను తప్ప దిక్కెవ్వలున్నరు?"

"మెల్లగ మాట్లాడరాదా, బయట మంది ఉన్నరు."

"ఏమంటున్నవ్?" అన్నాడు తాత. బావిలో డ్రిల్లు మోతకు తాతకు ఒక చెవి పూర్తిగా, ఇంకో చెవి సగం పోయాయి కదా. నేను మెల్లగా చెప్పింది ఎప్పుడూ వినపడదు, వినపడకూడదనుకున్నది మాత్రం వినపడుతుంది.

కిటికీలోంచి షెడ్డులో మాటలు వినిపించాయి. మామ పుణె ఉస్తాద్‌కు ఫోను చేశాడు. ఉస్తాద్ హిందీలో చెప్పింది మామ మెట్‌పల్లి ఆయనకు తెలుగులో చెబుతున్నాడు. "అన్నా, నిజమైన నాకింగ్ బండి మీద బరువు పడ్డప్పుడే వస్తది. గిది నిలబెట్టి రేస్ చేసినా వస్తుంది. నాలుగు సిలిండర్లకు ఒక్కపారి వస్తుంది. అంటే గిది ఉత్త చప్పుడు. గట్టి పిస్టన్లు ఏస్తే గట్ల మోత వస్తదట, సెన్సర్ మోసపోతదట. నాలుగు వేల మీద సెన్సర్ మాట ఇనొద్దని కంప్యూటర్‌కు చెప్పుమంటుండు ఉస్తాద్."

"అంటే బండికి చెవుడు తెప్పిస్తనంటవ్."

"గంతే అన్నా. పైన మాత్రమే."

"ఎవనికి చెవుడు?" అని తాత లోపలినుంచి అరిచాడు. మెట్‌పల్లి ఆయన పడీ పడీ నవ్వాడు. "నీకు కాదు బాపూ, నా బండికి!"

నేను చాయ్ తీసుకుని పోయాను. మామ ముఖం చూస్తే ఏడుపొచ్చింది. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. మెట్‌పల్లి ఆయన చాయ్ అందుకుని, "అవ్వా, నీ కొడుకు మూడు దినాల సంది గీ పాట ఇంటుండు. నువ్వు గూడ ఇను, ఏం రాగమో చెప్పు" అని హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టాడు. మామ కారులో కూర్చుని రేస్ చేశాడు.

ముందు గరగరమని మోత. మిల్లులో పసుపు ఆడిస్తున్నట్టు. తర్వాత ఇంజన్ గొంతు పెరిగింది. పెరిగి, పెరిగి, ఆ మోతలోంచి ఒక చప్పుడు తేలింది. టింగ్‌టింగ్‌టింగ్ అని, గుక్క తిప్పుకోకుండా.

పిల్లలూ, ఆ చప్పుడు నాకు తెలుసు. మందమర్రి క్వార్టర్లలో ఉన్నప్పుడు తాత బిళ్లను సైకిల్ తాళంచెవి గుత్తికే వేసుకునేవాడు. గతుకుల రోడ్డు మీద వస్తుంటే అది సైకిల్ గొట్టానికి కొట్టుకుంటూ మోగేది. వీధిలో అందరు మగవాళ్ల దగ్గరా బిళ్లలుండేవి, అందరికీ సైకిళ్లుండేవి. అయినా మా ఆయనది ఏదో నాకు తెలిసేది. షిఫ్టు దిగే వేళకు తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు కోసమే చూసేదాన్ని. అది వినపడగానే పొయ్యి మీద నీళ్లు పెట్టేదాన్ని. ముప్పైరెండేళ్లు విన్న చప్పుడు, హెడ్‌ఫోన్లో వింటే మాత్రం గుర్తుపట్టనా?

హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఎట్లున్నది అవ్వా పాట?" అన్నాడు. "మంచిగున్నది" అని వంటింట్లోకి వచ్చేశాను.

వచ్చి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. మూడు రోజుల వాడి అన్నం, నిద్ర, అన్నీ నా వల్లే పోయాయి. వద్దని దండం పెట్టి చెప్పిన పని చేశాను. ఆ మెట్‌పల్లి ఆయన ముందు ఎట్లా చెప్పను? రేపు మెట్‌పల్లి అంతా చెప్పుకుని నవ్వుతారు, ఫలానా మెకానిక్ వాళ్లవ్వ ఇంజన్లో దిష్టిబిళ్ల కట్టిందట అని. వాడి పరువు ఏం కావాలి? ఆయన పోయాక చప్పుడు చేయకుండా తీసేస్తే సరిపోదా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. దారం తెంపడానికి కత్తెర కూడా కొంగులో దాచుకున్నాను.

అప్పుడు కిటికీలోంచి మామ గొంతు వినిపించింది. "సరే అన్నా. ఇగ ఎన్ని దినాలు సూస్తం? బంద్ చేస్తున్న. నాలుగు వేల మీద ఇగ సెన్సర్ ఏం ఇన్నా పట్టించుకోదు."

చేతిలో గిన్నె గట్టు మీద పెట్టేశాను. పగిలిన పిస్టన్ ఈ గట్టు మీదే కదా పెట్టాడు. చెవి మాట వినలేదని కదా వాడు అంతగా కుమిలిపోయింది. నేను బిళ్ల తీసేసినా చెవి మూసే ఉంటుంది కదా, మూయాల్సిన పనే లేదని వాడికి తెలియకుండానే.

బయటికి ఉరికాను. "ఆగు కొడుకా! ఒత్తకు!"

మామ వేలు అట్లాగే ఆగింది. "ఏమైందే?"

"గా చప్పుడు ఇంజన్ది కాదురా. మీ బాపు బిళ్లది."

"బాపు బిళ్ల?"

"నేనే కట్టిన. ఎనకకు, పైపు కింద. నల్లదారం తోటి."

మామ లేచి, టార్చి తీసుకుని ఇంజన్ వెనక్కి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. నేను కట్టినప్పటి ముడి సాగిపోయినట్టుంది, బిళ్ల వదులుగా వేలాడుతూ ఇంజన్ ఒంటికి ఆనుకుని ఉంది. వాడు దారం తెంపి దాన్ని బయటికి తీశాడు. ఒక అంచు బంగారంలా మెరుస్తోంది, కొట్టుకుని కొట్టుకుని.

మెట్‌పల్లి ఆయన ముందు నోరు తెరిచాడు. తర్వాత బానెట్ పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. "పుణె ఉస్తాద్‌కు గూడ అందలే తమ్మీ! అవ్వ ఒక్కపారి ఇని చెప్పింది!"

"కట్టింది గూడ అవ్వనే గద అన్నా," అన్నాడు మామ. వాడు నవ్వలేదు. టైరు మీద కూలబడి, బిళ్లను అరచేతిలో తిప్పుతూ, "మూడు దినాలే అవ్వా. మూడు దినాలు" అన్నాడు.

"తప్పయింది బిడ్డా."

ఆ నవ్వుకు తాత బయటికి వచ్చాడు. మామ చేతిలో బిళ్ల చూశాడు. "గిదే! గిది నా బిళ్ల! ఏడ దొరికిందిరా?"

"ఇంజన్ల, బాపూ. అవ్వ కట్టింది," అని మామ గట్టిగా చెప్పాడు.

తాత నావైపు తిరిగాడు. చెడామడా తిడతాడనుకున్నాను. "కట్టేదుంటే గట్టిగ కట్టరాదా? వదులుగ కడితే మోగదా? ముప్పయ్యేండ్లు సూసినవ్, గంత ఎర్క లేదా?" అన్నాడు.

అప్పుడు నవ్వాడు మామ. టైరు మీదినుంచి కింద పడేలా నవ్వాడు.

అక్కడితో అయిపోయిందని అనుకున్నాను. ఇంజన్ మళ్లీ రేస్ చేస్తే గీతలు నాలుగూ గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మెట్‌పల్లి ఆయన చప్పట్లు కొట్టాడు. మామ మాత్రం, "ఉత్తగ రేస్ చేస్తే ఏం తెలుస్తది అన్నా, బరువు మీద సూడాలె. నడు, బైపాస్ మీద పోదం" అని, నావైపు చూసి, "నువ్వు గూడ ఎక్కు అవ్వా. ఇంకేమన్న కట్టినవా ఏంది, చెప్పు ముందుగాల" అన్నాడు.

"కట్టలేదురా, నీ మీద ఒట్టు."

మెట్‌పల్లి ఆయన నడిపాడు. మామ పక్కన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తలకు పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక సీట్లో. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండకు రోడ్డు మీద కుక్క కూడా లేదు. "ఇగ తొక్కు అన్నా" అన్నాడు మామ. ఎవరో నా ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినట్టయింది. రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నాను. కళ్లు మూసుకోవాలనిపించింది కానీ మూసుకోలేదు. సందులోంచి లాప్‌టాప్ కనిపిస్తోంది.

నాలుగు వేలు దాటింది. గీతలు తిన్నగానే ఉన్నాయి. ఐదు వేలు. మూడో గీత కొంచెం దిగింది. ఎర్రగా.

"ఇడువు, ఇడువు అన్నా! రేస్ ఇడువు!"

కారు నెమ్మదించింది. నాకైతే ఏ తేడా తెలియలేదు, ఏ చప్పుడూ వినపడలేదు. మెట్‌పల్లి ఆయనకూ తెలియలేదు. "ఏమైంది తమ్మీ? మస్తుగ గుంజుతుంది గద?"

మామ హెడ్‌ఫోన్లు తీశాడు. ముఖం తెల్లబోయింది. "మూడో సిలిండర్ కొట్టింది అన్నా. గిది నిజమైనది. గిట్ల పిడికెడు రాళ్లు డబ్బల ఏసి ఊపినట్టు ఇనపడ్డది. సెన్సర్ ఇన్నది, కంప్యూటర్ ఎంటనే నిప్పు ఎనకకు తీసింది." లాప్‌టాప్ మీద ఆ చిన్న ఎర్ర గీతను వేలితో తాకాడు. "గీ ఎండకు రేపు ఏదన్న ఘాటెక్కినవనుకో..." అని ఆపేశాడు.

ముగ్గురం ఒకే మాట అనుకున్నాం. బిళ్ల మోత ఉన్నంతసేపూ ఇది దాని వెనకే దాక్కుని ఉంది. చెవి మూసేసి ఉంటే ఎవరూ వినేవాళ్లు కాదు.

కారు రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద ఆపారు. మామ లాప్‌టాప్‌లో ఏవో అంకెలు మార్చాడు. నిప్పు పెట్టే సమయాన్ని నాలుగు వేల పైన రెండు డిగ్రీలు వెనక్కి జరిపాడట, టర్బో కుక్కే గాలి ఒక పిసరు తగ్గించాడట. "జోరు తగ్గుతదా?" అని మెట్‌పల్లి ఆయన అడిగాడు. "జర తగ్గుతది అన్నా. కానీ గీసారి చెవికి జాగ ఉంచుత. ఎండకాలం అది తగ్గాలనుకుంటే తగ్గడానికి." ఆయన స్టీరింగ్ మీద చెయ్యి రుద్దాడు. "తగ్గనియ్ తమ్మీ. నాకేమన్న విమానం దొరకవట్టాల్నా?"

మళ్లీ తొక్కారు. మూడో గీత కదిలిందా లేదా అన్నట్టు కదిలి ఆగింది. మామ ఇంకో అర డిగ్రీ జరిపాడు. మూడోసారి, నాలుగోసారి. ఇంజన్ వేడెక్కి, బయట ఎండ మండుతుండగా, నాలుగు గీతలూ ముగ్గు పిండితో వేసినట్టు తిన్నగా పోయాయి. మామ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. వాడి భుజాలు కిందికి దిగడం వెనకనుంచి చూశాను. రెండు నెలలుగా చెవుల దాకా ఎత్తి పెట్టుకున్నాడు వాటిని.

కారు ఇచ్చేముందు వాడు ఒక పని చేశాడు. కంప్యూటర్ విన్న ప్రతి దెబ్బా రాసి పెట్టుకునేలా చేసి, "వారం దినాలు నీ ఇష్టమున్నట్టు తిప్పు అన్నా. ఎండల తిప్పు. తర్వాత తీసుకరా, సూస్తా" అన్నాడు.

ఆ వారం నాకు పది రోజులంత అయింది. ఫోను మోగితే ముందు నేనే ఉరికేదాన్ని. మామ మాత్రం రెండు పూటలా తిన్నాడు, పడుకున్నాడు. "ఫికర్ చెయ్యకే. చెవి ఉన్నది గద" అనేవాడు నాతో. ఏదో నేనే ఆ ఇంజన్ కట్టినట్టు.

మెట్‌పల్లి ఆయన చెప్పిన రోజే వచ్చాడు. నిజామాబాద్ పోయాడట, ఆదిలాబాద్ పోయాడట, నడిమధ్యాహ్నం కావాలనే ఘాటు రెండుసార్లు ఎక్కి దిగాడట. "ఎట్ల నడిచింది?" అంటే, "నాకేం ఎర్క తమ్మీ, నేను పాటలు ఇనుకుంట పోయిన" అన్నాడు. మామ వైరు పెట్టి రికార్డు తీశాడు. నేను చాయ్ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

వాడు మెల్లగా కిందికి జరుపుతూ చూశాడు. ఒక చోట ఆగాడు. మళ్లీ ఇంకోచోట ఆగాడు.

"ఏందిరా?" అన్నాను.

"రెండుపార్లు కొట్టబోయింది. ఘాటు మీదనే. ఒక్క డిగ్రీ ఎనకకు తీసింది, ఆగింది. మళ్ల మెల్లగ దానంతటదే మొదటికి వచ్చింది." లాప్‌టాప్ మూసి, చేతులు రెండూ దాని మీద పెట్టాడు. "గంతే అవ్వా. గంతకంటే ఏం లేదు."

చాయ్ పళ్లెం నేను ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మెట్‌పల్లి ఆయన చెప్పులు దులుపుకుని కారెక్కుతూ, "అవ్వా, మొక్కేదుంటే గుడికి పోయి మొక్కు. నా బండిల మాత్రం ఏం కట్టకు తల్లీ" అని రెండు చేతులూ జోడించాడు. "కట్టను బిడ్డా, నువ్వు సల్లగ పో" అన్నాను.

ఆ పూట బియ్యప్పిండితో సర్వప్ప చేశాను, పల్లీలు ఎక్కువ వేసి, వాడికి ఇష్టమైనట్టు అంచులు కరకరలాడేలా. వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుని తిన్నాడు. రెండోది తింటూ, నోట్లో ముద్ద ఉండగానే అన్నాడు.

"అవ్వా, హుజూరాబాద్ కెల్లి ఒకాయన అడుగుతుండు. ఆయన బండి గూడ టర్బోనే."

నేను పెనం వైపే చూస్తూ, "ఏమన్నవ్ మరి?" అన్నాను.

"సోమవారం తెమ్మన్న."

"మంచిగ చేసినవ్."

కంచం ముందుకు జరిపాడు. "ఇంకొకటున్నదా?"

ఉంది. అది కూడా వేశాను.